ఇసుక ఎందుకు కరగదు, కొమ్ము ఎందుకు వంగుతుంది?

ప్రశ్న పెట్టింది ఒడిశాలోని పర్లాకిమిడిలో ప్లస్ టూ మొదటి ఏడాది చదువుతున్న అమ్మాయి. ఆమె నోట్సులో "అయానిక పదార్థాలకు ద్రవీభవన స్థానం ఎక్కువ, సమయోజనీయ పదార్థాలకు తక్కువ, ఎందుకంటే సమయోజనీయ బంధం బలహీనం" అని ఉందట (అయానికం అంటే విద్యుదావేశం ఉన్న అయాన్ల మధ్య లాగుడుతో కట్టుకున్నది, సమయోజనీయం అంటే పరమాణువులు ఎలక్ట్రాన్లు పంచుకుని కట్టుకున్నది, ద్రవీభవన స్థానం అంటే పదార్థం కరిగే వేడి). అలాగైతే ఇసుక కూడా సమయోజనీయమే కదా, ఎంత మంట పెట్టినా కరగదేం అని అడిగింది. దాని వెనకే ఇంకోటి: వాళ్ల ఊళ్లో కొమ్ముతో దువ్వెనలూ కొంగలూ చేసేవాళ్లు కొమ్మును వేడిచేసి వంచుతారు, అది మైనంలా కారిపోకుండా వంగి అలాగే ఉండిపోతుందేం అని.

నేను ఛత్రపురం దగ్గర సముద్రపు ఇసుకలోంచి ఖనిజాలు వేరుచేసే చోట ల్యాబులో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు బరంపురంలో సాయంత్రాలు ప్లస్ టూ పిల్లలకి కెమిస్ట్రీ చెబుతున్నాను. ఇసుక మాట ఎత్తితే నేను ఊరుకోలేను, కాబట్టి కాస్త ఓపిగ్గా చదువు అమ్మా.

ముందు సూటి జవాబు. నీ నోట్సులో "ఎందుకంటే" ముందున్నది చాలామటుకు నిజం, ఆ తర్వాత ఉన్నది తప్పు. సమయోజనీయ బంధం బలహీనమైనదేమీ కాదు. కార్బన్ డయాక్సైడ్ తీసుకో. అందులో కార్బన్‌కీ ఆక్సిజన్‌కీ మధ్య ఉన్న ఒక్కో ద్విబంధాన్ని తెంచాలంటే మోల్‌కి (కెమిస్ట్రీలో లెక్కకి వాడే అణువుల మూట) సుమారు 800 కిలోజౌళ్లు కావాలి. ఇసుకలో సిలికాన్‌కీ ఆక్సిజన్‌కీ మధ్య బంధానికి 450 చిల్లర చాలు. అంటే బంధం గట్టిగా ఉన్న పదార్థం వాయువుగా తిరుగుతోంది, అంతకన్నా మెత్తని బంధం ఉన్నది 1700 డిగ్రీల దాకా కదలడం లేదు. బంధం బలమే ద్రవీభవన స్థానాన్ని తేలుస్తుందనుకుంటే ఇది తలకిందులుగా ఉండాలి.

ఇలా ఎందుకయిందంటే, గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్ ఆవిరి కావడానికి ఆ 800 కిలోజౌళ్ల బంధాన్ని ఎవరూ ముట్టుకోనక్కర్లేదు. ఒక కార్బన్, రెండు ఆక్సిజన్లు, అంతటితో అణువు పూర్తయింది. అణువు అణువుగానే లేచిపోతుంది. తెగేది అణువుకీ అణువుకీ మధ్య ఉన్న నామమాత్రపు ఆకర్షణ. దానికి మైనస్ 78 డిగ్రీలే ఎక్కువ. ఇసుకలో అసలు అణువనేదే లేదు. ప్రతి సిలికాన్ చుట్టూ నాలుగు ఆక్సిజన్లు, ప్రతి ఆక్సిజన్ రెండు సిలికాన్ల మధ్య వంతెన. అలా గింజ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే అల్లిక. అది కరగాలంటే ఆ 450 కిలోజౌళ్ల బంధాలే గుంపులు గుంపులుగా తెగాలి. ఇంకో దారి లేదు. వజ్రం సంగతీ ఇంతే.

అందుకే మా పిల్లలకి నేను మొదటిరోజే చెప్పేది: బంధం పేరు చెప్పి ఆగిపోవద్దు. ఈ పని జరగాలంటే లోపల ఏది తెగాలి, ఏది కదలాలి? ముందు అది తేల్చుకో. కరగడానికి ఒకటి తెగుతుంది, విరగడానికి వేరొకటి, కరెంటు పోవడానికి తెగడం కాదు, విద్యుదావేశం ఉన్నదేదో కదలాలి. ఒకే పదార్థానికి ఒక్కో గుణం దగ్గర జవాబు మారుతుంది.

ఏటా ఎవరో ఒకరు నీళ్లు మరిగినప్పుడు వచ్చే బుడగల్లో హైడ్రజన్, ఆక్సిజన్ ఉంటాయంటారు. ఉండవు. నీటి అణువు లోపలి బంధం 460 కిలోజౌళ్లది, అది 100 డిగ్రీలకి చెక్కు చెదరదు. తెగేది అణువుల మధ్య 20 కిలోజౌళ్ల హైడ్రజన్ బంధం. ఆ 20 కూడా లేకపోతే నీళ్లు మన ఇంటి వేడికే ఆవిరైపోయేవి. గంధకంతో హైడ్రజన్ కలిసిన హైడ్రజన్ సల్ఫైడ్ అణువు ఇంకా బరువైనదే, అయినా మైనస్ 60 డిగ్రీలకే మరుగుతుంది.

ఉప్పు గురించి

నోట్సులోని మొదటి ముక్క నిలబడేది ఇక్కడే. గంజాం జిల్లా హుమ్మలో ఉప్పుమళ్లు చూసే ఉంటావు, లేకపోతే బరంపురం నుంచి ఖల్లికోట వైపు వెళ్లేటప్పుడు చూడు. ఆ గళ్ళుప్పులో కూడా అణువులు లేవు. సోడియం అయాన్ చుట్టూ ఆరు క్లోరైడ్‌లు, క్లోరైడ్ చుట్టూ ఆరు సోడియంలు, అంతే. ఎవరికి ఎవరు జత అని చెప్పలేం. బ్రాగ్ తండ్రీకొడుకులు 1913లో ఎక్స్-కిరణాలతో దీన్ని తేల్చి 1915లో నోబెల్ తీసుకున్నా, హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే పెద్ద రసాయనవేత్తకి మింగుడు పడలేదు. 1927లో కూడా, ఉప్పులో అణువు లేదనడం ఇంగితజ్ఞానానికే విరుద్ధమని పత్రికకి రాశాడు. కాబట్టి నీకు వింతగా అనిపిస్తే సిగ్గుపడక్కర్లేదు.

అయాన్ల మధ్య లాగుడు 801 డిగ్రీల దాకా ఉప్పుని పట్టి ఉంచుతుంది. అదే అమరికలో ఒక్కో అయాన్ మీద ఆవేశం రెట్టింపు చేస్తే మెగ్నీషియం ఆక్సైడ్. రెండింటి మీదా రెట్టింపు గనక లాగుడు నాలుగింతలు, అయాన్లు చిన్నవి కాబట్టి ఇంకా దగ్గరకొచ్చి మరికాస్త. అది 2850 డిగ్రీల దాకా కరగదు. ఫర్నేసుల లోపలి ఇటుకలకి దాన్ని వాడేది అందుకే.

ఇంత గట్టిగా పట్టుకున్న ఉప్పు గల్లు రోకలి తగిలితే పుటుక్కున పగిలిపోతుందేం? పగలడానికి తెగాల్సింది వేరు. దెబ్బకి ఒక పొర ఒక్క అడుగు జరిగితే చాలు, సోడియం ఎదురుగా సోడియం వస్తుంది, క్లోరైడ్ ఎదురుగా క్లోరైడ్. ఒకదాన్నొకటి తోసేసుకుంటాయి. అందుకే పగిలిన ముక్క కూడా చదునైన ముఖాలతో చిన్న ఘనంలాగే ఉంటుంది. రాగిలో అదే జరుగుడు జరిగితే ఏ నష్టమూ లేదు, ఎలక్ట్రాన్లు అందరికీ ఉమ్మడి కాబట్టి పొర ఎక్కడికి జరిగినా పట్టు పోదు. రేకు సాగుతుంది.

నీళ్లలో కరిగే సంగతి మాత్రం జాగ్రత్తగా చెప్పాలి. "అయానిక పదార్థాలు నీళ్లలో కరుగుతాయి" అనేది సగం నిజం. సున్నపురాయీ అయానికమే, బేరియం సల్ఫేటూ అయానికమే, అవి కరగవు. ఇక్కడ బేరం ఉంది: స్ఫటికం నుంచి అయాన్లని విడదీయడానికి ఎంత ఖర్చు, వాటిని నీటి అణువులు చుట్టుముడితే ఎంత తిరిగొస్తుంది అని. ఉప్పుకి ఖర్చు మోల్‌కి 787 కిలోజౌళ్లు, రాబడి సుమారు 783. నాలుగు కిలోజౌళ్ల లోటుతోనే కరుగుతుంది. అయాన్లు చెల్లాచెదురై కలిసిపోవడం వల్ల వచ్చే లాభం ఆ లోటుని పూడుస్తుంది. రెండు పెద్ద సంఖ్యల మధ్య అంత చిన్న తేడా మీద నడిచే వ్యవహారం కాబట్టే, ఏ ఉప్పు కరుగుతుందో ఏది కరగదో బంధం పేరు చూసి చెప్పలేం.

వానాకాలం ఉప్పు నీరుకారడం మన తీరంలో అందరికీ తెలిసిందే. దానికి నింద సోడియం క్లోరైడ్ మీద పూర్తిగా వేయకూడదు. అది గాలిలో తేమ 75 శాతం దాటితేనే చెమ్మగిల్లుతుంది. కడగని ఉప్పులో మిగిలిపోయే మెగ్నీషియం క్లోరైడ్‌కి 33 శాతం చాలు. మెగ్నీషియం అయాన్ చిన్నది, ఆవేశం రెండు, నీటి అణువుల్ని గట్టిగా లాక్కుంటుంది. ఉప్పుని చిక్కటి ఉప్పునీటితోనే కడిగితే మెగ్నీషియం చాలావరకు పోతుంది, సోడియం క్లోరైడ్ మిగులుతుంది.

లోహం, అలోహం కలిస్తే అయానికమేనా?

ఈ సూత్రం కూడా నీ నోట్సులో ఉండే ఉంటుంది. మా ల్యాబులో దీన్ని రోజూ కాదనే జత ఒకటుంది. రూటైల్, అంటే టైటానియం డయాక్సైడ్: 1840 డిగ్రీల దాకా కరగని రాయి. టైటానియం టెట్రాక్లోరైడ్: మామూలు వేడిలో నీళ్లలాంటి ద్రవం, 136 డిగ్రీలకి మరుగుతుంది. సముద్రపు గాలిలో సీసా మూత తీస్తే చాలు, తేమతో కలిసి తెల్లటి పొగ కమ్ముకుంటుంది (పొగ లాగేసే ఫ్యూమ్ హుడ్ లేకుండా ఎప్పుడూ తెరవకు, ఆ పొగలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది). రెండింట్లోనూ అదే టైటానియం. తేడా అల్లికలో ఉంది. రూటైల్‌లో ప్రతి ఆక్సిజన్ మూడు టైటానియంలకి అతుక్కుని ఉంటుంది, అందుకని ఎక్కడా తెగని జాలం. టెట్రాక్లోరైడ్‌లో నాలుగు క్లోరిన్లూ ఒకే టైటానియంకి అంటి ఉంటాయి, పక్క టైటానియంతో వాటికి సంబంధం లేదు. అణువు పూర్తయింది, ఇక ఆవిరి కావడానికి అడ్డేముంది?

కోరాపుట్‌లో దామన్‌జోడి దగ్గర తీసే అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) కథ కూడా దగ్గరదే. అది 2072 డిగ్రీల దాకా కరగదు కాబట్టి కరిగిన క్రయోలైట్ అనే ఫ్లోరైడ్ లవణంలో కలిపి 960 డిగ్రీల దగ్గర విద్యుద్విశ్లేషణ చేస్తారు, అంటే కరెంటు పంపి అల్యూమినియంని వేరుచేస్తారు. 180 డిగ్రీలకే ఆవిరయ్యే అల్యూమినియం క్లోరైడ్‌తో చేస్తే సులువు కదా అని తెలివైన పిల్లలు అడుగుతారు. కరిగిన క్లోరైడ్‌లో ఉండేవి రెండేసి అల్యూమినియంలున్న అణువులు, అయాన్లు కావు. దానిలో కరెంటు సరిగా పోదు.

ఇక మన ఇసుక

గోపాలపూర్ నుంచి ఛత్రపురం దాకా సముద్రపొడ్డున ఇసుక మీద నల్లటి చారలు కనిపిస్తాయి. తూర్పు కనుమల్లో ఖొండలైట్, చార్నకైట్ రాళ్లు అరిగి, ఏరుల్లో కొట్టుకొచ్చి, అలలు తూర్పారబట్టి వదిలినవి. అందులో ఇల్మెనైట్, రూటైల్, జిర్కాన్, గార్నెట్, సిలిమనైట్, మోనజైట్ కలగలిసి ఉంటాయి. ప్రభుత్వ సంస్థ ఐఆర్ఈఎల్ వాళ్ల శాండ్స్ కాంప్లెక్సులో వీటిని వేరుచేస్తారు. ఆ ప్రక్రియలో ఆమ్లాలు, ఉడకబెట్టడాలు లేవు. గింజ గింజకీ నిర్మాణం ఇచ్చిన గుణం ఏదో దాన్ని పట్టుకునే విడదీస్తారు. బంధమూ నిర్మాణమూ పాఠానికి ఇంతకన్నా మంచి ల్యాబు నాకు తెలీదు.

మొదట బరువు. క్వార్ట్జ్, అంటే మామూలు ఇసుక, సాంద్రత (నీళ్లకన్నా ఎన్ని రెట్లు బరువు) 2.65. సిలిమనైట్ 3.2 పైచిలుకు. ఈ జత చూడు: క్వార్ట్జ్‌లో సిలికాన్, ఆక్సిజన్, సిలిమనైట్‌లో వాటితోపాటు అల్యూమినియం. అల్యూమినియం సిలికాన్‌కన్నా కాస్త తేలికైన పరమాణువే. మరి గింజ బరువెలా పెరిగింది? క్వార్ట్జ్ అల్లికలో ఖాళీలు ఎక్కువ. సిలిమనైట్‌లో సగం అల్యూమినియంలు ఆరేసి ఆక్సిజన్లని చుట్టూ చేర్చుకుని బిగువుగా సర్దుకుంటాయి. జిర్కాన్, ఇల్మెనైట్‌లు 4.6, 4.7 దగ్గర ఉంటాయి, అక్కడ పరమాణువుల బరువు కూడా తోడవుతుంది.

తర్వాత కరెంటు. ఎండబెట్టి వేడిచేసిన ఇసుకని తిరిగే లోహపు డ్రమ్ము మీద పోసి, పైన హైటెన్షన్ తీగతో గింజలకి ఆవేశం ఎక్కిస్తారు. ఇల్మెనైట్, రూటైల్ ఆ ఆవేశాన్ని డ్రమ్ముకి వదిలేసి ఎగిరి అవతల పడతాయి. జిర్కాన్, సిలిమనైట్, గార్నెట్, మోనజైట్ వదల్లేవు. చలికాలం నైలాన్ చీర ఒంటిని పట్టుకున్నట్టు డ్రమ్ముని పట్టుకుని తిరిగి, వెనక బ్రష్షు తోస్తే గానీ రాలవు. ఇల్మెనైట్‌లో ఇనుము, టైటానియం రెండూ ఎలక్ట్రాన్ ఇచ్చిపుచ్చుకోగలవు గనక ఒక పరమాణువు మీంచి ఇంకోదాని మీదికి ఎలక్ట్రాన్ దూకుతుంది. జిర్కాన్‌లో ఎలక్ట్రాన్లన్నీ బంధాల్లో బిగుసుకుపోయాయి, దూకడానికి ఖాళీ స్థానం అందనంత ఎత్తున ఉంది.

ఒక మెలిక: పుస్తకం ప్రకారం శుద్ధమైన రూటైల్ దాదాపు విద్యుద్బంధకమే, కరెంటు పోనివ్వదు. సహజంగా దొరికే గింజలో ఇనుము మలినాలు, అక్కడక్కడా ఆక్సిజన్ లోపాలు ఉంటాయి, అవే కరెంటుకి దారిస్తాయి. లోపాలూ నిర్మాణంలో భాగమే, పరీక్షలో ఎవరూ అడగకపోయినా. ఇంకోటి, ఇసుకని వేడిచేయడం ఎందుకంటే గింజ మీద కంటికి కనపడని నీటి పొర ఉన్నా ఆవేశం దాని మీంచి జారిపోతుంది. అప్పుడు జిర్కాన్ కూడా వాహకంలాగే ప్రవర్తిస్తుంది. లోపలి బంధాలు ఎంత చెప్పినా పైపొర మాట వేరు.

తర్వాత అయస్కాంతం. ఇల్మెనైట్, గార్నెట్‌లలో ఇనుముకి జతపడని ఎలక్ట్రాన్లున్నాయి, అయస్కాంతం వైపు వస్తాయి. మోనజైట్‌లో సీరియం, నియోడిమియం ఉంటాయి, వాటి లోపలి పొరలోని జతపడని ఎలక్ట్రాన్ల (ఎఫ్ ఎలక్ట్రాన్లంటారు) వల్ల అదీ కాస్త లాగబడుతుంది. రూటైల్‌లో టైటానియం, జిర్కాన్‌లో జిర్కోనియం ఎలక్ట్రాన్లన్నీ జతల్లోనే ఉన్నాయి కాబట్టి అవి కదలవు.

సిలిమనైట్, క్వార్ట్జ్ మిగిలాయనుకో. రెండూ కరెంటుకి లొంగవు, అయస్కాంతానికీ లొంగవు. అక్కడ నురగ పద్ధతి వాడతారు. సబ్బులో ఉండే ఒలియేట్ లాంటిది నీళ్లలో కలిపితే, గింజ విరిగిన చోట బయటపడ్డ అల్యూమినియంకి దాని తల అతుక్కుంటుంది. నూనెలాంటి తోక బయటకి ఉంటుంది గనక ఆ గింజ గాలిబుడగని పట్టుకుని తేలుతుంది. క్వార్ట్జ్‌లో అల్యూమినియం లేదు, అడుగున ఉండిపోతుంది.

సిలిమనైట్ ఫార్ములాయే ఉన్న ఇంకో ఖనిజం కయనైట్. అవే పరమాణువులు, అదే లెక్క. అమరిక మారి సాంద్రత 3.6 అయింది. దాని స్ఫటికాన్ని పొడుగునా చాకుతో గీస్తే గీత పడుతుంది, అడ్డంగా గీస్తే పడదు. ఒకే ముక్క, రెండు కాఠిన్యాలు! ఇలాంటివి చూశాక "ఈ పదార్థం గట్టిది" అనే మాటే నాకు అసంపూర్తిగా వినిపిస్తుంది.

గ్రాఫైట్ గురించి నువ్వు అడగలేదు గానీ ఒక్కమాట. పొరలో బంధాలు వజ్రంలో వాటికన్నా పొట్టివి, గట్టివి (142 పికోమీటర్లు, వజ్రంలో 154). పొరకీ పొరకీ మధ్య మాత్రం 335 పికోమీటర్ల దూరం. పొరలు జారతాయి కాబట్టి మెత్తన, బంధాలు తెగవు కాబట్టి కరగదు, పొరలో ఎలక్ట్రాన్లు తిరుగుతాయి కాబట్టి కరెంటు పోతుంది. ఇనుప మిశ్రమలోహాలు (ఫెర్రోఅల్లాయ్) చేసే ఫర్నేసుల్లో ఎలక్ట్రోడ్లకి కార్బన్ వాడటానికి కారణం ఇదే. అయితే జారుడు విషయంలో పుస్తకాలు ఒకటి చెప్పవు. శూన్యంలో గ్రాఫైట్ సరిగా జారదు, అరిగిపోతుంది. దాని అంచుల్ని, పొరల పైభాగాన్ని పట్టుకునే తేమ కూడా ఆ జారుడికి అవసరం.

కొమ్ము

మీ ఊరి కొమ్ముపని నాకు చాలా ఇష్టం. కొమ్ములో ఉండేది కెరటిన్, మన గోళ్లలో, జుట్టులో ఉన్నదే. పొడవైన ప్రోటీన్ గొలుసులు. గొలుసు వెంబడి సమయోజనీయ బంధాలు. గొలుసుకీ గొలుసుకీ మధ్య రెండు రకాల పట్టు: లెక్కలేనన్ని బలహీనమైన హైడ్రజన్ బంధాలు, అక్కడక్కడా రెండు గంధకపు పరమాణువులు కలిసి వేసిన గట్టి సమయోజనీయ కట్లు.

వేడి, తేమ తగిలితే హైడ్రజన్ బంధాలు సడలుతాయి. గొలుసులు కాస్త జరగగలవు, పనివాడు వంచుతాడు. చల్లారాక కొత్త స్థానాల్లో కొత్త హైడ్రజన్ బంధాలు పడతాయి, వంపు నిలుస్తుంది. గంధకపు కట్లు ఆ వేడికి చాలామటుకు చెక్కుచెదరవు కాబట్టి గొలుసులు పూర్తిగా విడిపోయి పారలేవు. మైనంలో ఆ కట్లే లేవు, విడివిడి అణువులు, అందుకే అది కారిపోతుంది. కొమ్మును ఇంకా వేడిచేస్తే కరిగే అవకాశం రాకముందే గొలుసులే తెగి మాడిపోతుంది, జుట్టు కాలిన కంపు వస్తుంది.

ఇంట్లో కొమ్ము దువ్వెన ఉంటే మరిగే నీళ్లలో వేయొద్దు, మెలితిరిగిపోతుంది. ఆ వంపుని నిలబెట్టింది హైడ్రజన్ బంధాలే గనక వేడినీళ్లు వాటిని మళ్లీ సడలిస్తాయి. ఇస్త్రీలాంటి దానితో సాపు చేసిన జుట్టు తడిస్తే మళ్లీ రింగులు తిరగడం కూడా ఇందుకే. పార్లర్‌లో మందు పెట్టి చేసేది వేరు, అక్కడ గంధకపు కట్లనే విప్పి కొత్తచోట వేస్తారు. అది తలంటుకి పోదు.

పరీక్ష సంగతి. ఒక మార్కు ప్రశ్నలో "అయానిక పదార్థాలకు ద్రవీభవన స్థానం ఎక్కువ" అని రాస్తే మార్కు వస్తుంది, రాసెయ్. కారణం అడిగిన చోట మాత్రం "సమయోజనీయ బంధం బలహీనం" అని రాయకు. "అణువుల మధ్య ఆకర్షణ బలహీనం" అని రాయి. ఇసుక, వజ్రం వస్తే "బృహత్ సమయోజనీయ జాలం" అని ఒక ముక్క చేర్చు. సిలిమనైట్ కథంతా అక్కడ రాస్తే దిద్దేవాళ్లకి ఓపిక ఉండదు.